బస్సు డ్రైవరు ముక్కు

హీత్రో విమానాశ్రయం చుట్టుపక్కల హోటళ్ల నుంచి పైలట్లను, ఎయిర్ హోస్టెస్‌లను టెర్మినల్‌కు చేరవేసే చిన్న బస్సు నాది. తెల్లవారుజామున నాలుగున్నరకే మొదటి ట్రిప్పు. చేరిన రోజు నాకు పని నేర్పిన పంజాబీ పెద్దాయన దారుల కన్నా ముందు వాసన గురించి చెప్పాడు.

2018 అక్టోబరులో ఇక్కడే జపాన్ ఎయిర్‌లైన్స్ కో-పైలట్ ఒకరి దగ్గర మద్యం వాసన పసిగట్టింది ఇలాంటి బస్సు డ్రైవరే. పరీక్షిస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో 189 మిల్లీగ్రాముల ఆల్కహాల్ తేలింది. బ్రిటన్‌లో 2003 నాటి చట్టం పైలట్లకు పెట్టిన హద్దు 20. ఆయనకు 10 నెలల జైలు శిక్ష పడింది.

ఇంగ్లండ్‌లో రోడ్డు మీద బండి నడిపేవాడికి ఆ హద్దు 80. అంటే చట్టం లెక్కన, పైలట్‌కు నాలుగింతలు తాగి ఆ పైలట్‌నే నేను తీసుకువెళ్లవచ్చు! మా కంపెనీ చుక్క కూడా ఒప్పుకోదు, అది వేరే సంగతి.

మన దేశంలో పైలట్ 12 గంటల ముందు నుంచి ముట్టకూడదు, విమానం ఎక్కేముందు యంత్రంలోకి ఊదాలి, సున్నా రావాలి. ఇక్కడి చట్టం అలా అందరితోనూ ఊదించదు. పోలీసుకు అనుమానం కలగాలి. ఆ అనుమానం ముందు ఎవరో ఒకరి ముక్కులో పుట్టాలి.

కిందటి చలికాలం ఒక కెప్టెన్ ఎక్కగానే గుప్పుమంది. నేను నర్సుగా పనిచేసే నా భార్య వీసా మీద వచ్చినవాణ్ణి. పొరపాటైతే ఆయన పరువు పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. రెండు సిగ్నళ్లు దాటేదాకా నోరు పెగల్లేదు. టెర్మినల్ దగ్గర బస్సు ఆపి పెద్దాయనకు ఫోను చేశాను. "చెప్పడం వరకే నీ పని. కొలుచుకునేవాళ్లు కొలుచుకుంటారు" అన్నాడు. చెప్పాను. ఊదించారు. ఏమీ లేదు, చేతులకు రాసుకున్న శానిటైజర్ అట.

నెల తిరగకుండానే ఆ కెప్టెనే మళ్లీ నా బస్సెక్కాడు. ఎవరు చెప్పారో ఊహించినట్టున్నాడు. నా సీటు దగ్గర వంగి, నా ముఖం మీదికి "హా" అని గట్టిగా ఊపిరి వదిలి, "సరేనా?" అని అడిగాడు.

కాఫీ వాసన వచ్చింది. "కూర్చోండి సార్" అన్నాను.