లావ్రియో నుంచి కేయా: ఆ గంటసేపు డెక్ మీదే ఉండండి

గ్రీస్ ద్వీపాలు అనగానే మనవాళ్ళు చాలామంది ఏథెన్స్ పెద్ద రేవు పిరేయస్ వెళ్ళి సాంటోరినీ షిప్ ఎక్కేస్తారు, బాగానే ఉంటుంది, కాదనను, కానీ చేతిలో రెండు రోజులే ఉండి, చిన్న ద్వీపం ఒకటి చూడాలి, ఫెర్రీ ప్రయాణం అంటే ఏంటో తెలియాలి అనుకునేవాళ్ళకి నేను లావ్రియో పేరే చెప్తాను. ఏథెన్స్‌కి ఆగ్నేయంగా, అట్టికా కొసన ఉన్న చిన్న రేవు అది. అక్కణ్ణుంచి కేయా ద్వీపానికి ఫెర్రీలో గంట. అక్కడివాళ్ళ నోట్లో ఆ పేరు జియా అని వినపడుతుంది, కంగారు పడకండి, రెండూ ఒకటే.

ఏథెన్స్‌లో పెడియన్ టూ ఆరెయోస్ పార్క్ దగ్గర లావ్రియో వెళ్ళే నారింజ రంగు కేటెల్ (ప్రాంతీయ బస్సు సంస్థ) బస్సులు ఉంటాయి, ట్రాఫిక్‌ని బట్టి రెండు గంటల దాకా పడుతుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చేవాళ్ళకైతే పిరేయస్ కన్నా లావ్రియోనే దగ్గర. పైగా పిరేయస్‌లో ఈ1 నుంచి ఈ12 దాకా గేట్లు, మన షిప్ ఏ గేట్ దగ్గర ఉందో కనుక్కుని ఎండలో పెట్టె లాక్కుంటూ పోవడమే పెద్ద పని, ఇక్కడ ఆ గొడవ లేదు, నీళ్ళ దాకా నడిస్తే షిప్ ఎదురుగానే కనిపిస్తుంది.

ఎక్కడం నాకు భలే నచ్చింది. షిప్ వెనకభాగం రేవుకి ఆనించి పెద్ద ఇనుప ర్యాంప్ దించుతారు, కార్లు, కూరగాయల వ్యాన్లు, బైకులు, మనుషులు అందరూ దాని మీద నుంచే లోపలికి. మన పక్కనే ఒక కారు రివర్స్‌లో వస్తుంటుంది, సిబ్బంది ఒకాయన బానెట్ మీద చేత్తో కొడుతూ ఇంకా ఇంకా అని సైగ చేస్తుంటాడు, పక్క కారుకీ దీనికీ మధ్య బెత్తెడు జాగా కూడా మిగలదు. డీజిల్ వాసన, ఉప్పు వాసన, తడి ఇనుము మీద టైర్ల చప్పుడు. పక్కనున్న మెట్లెక్కి పైకొస్తే ఒక్కసారిగా గాలి.

అమ్మ ఏసీ హాల్లోనే కూర్చుందామే, గాలికి తలనొప్పొస్తుంది అంది. ఒక్క పది నిమిషాలు రామ్మా అని పట్టుబట్టి రెయిలింగ్ దగ్గరికి తీసుకెళ్ళాను, తర్వాత లోపలికి పోదాం అన్న మాటే తన నోట రాలేదు. కింద మోకులు విప్పుతున్నారు, మనిషి చెయ్యంత లావు మోకు, నీళ్ళోంచి లేచేటప్పుడు బిగిసి చుట్టూ తుంపరలు కొడుతుంది, ర్యాంప్ ఇంకా సగం కూడా లేవకముందే షిప్ కదిలిపోతుంది, కాళ్ళ కింద డెక్ సన్నగా వణుకుతూ ఉంటుంది.

వెనక్కి చూస్తే కనిపించే లావ్రియో కొండలు మామూలు కొండలు కావు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్‌కి వెండి ఇచ్చిన గనులు అక్కడివే. ఆ వెండిని జనానికి పంచేద్దాం అంటుంటే ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లిస్ వద్దని ఒప్పించి యుద్ధ నౌకలు కట్టించాడు, క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని ఓడించింది ఆ నౌకలే. ఇదంతా పుస్తకాల్లో వస్తుంది, కానీ సొరంగాల్లోకి దిగి ఆ వెండి తవ్వినవాళ్ళు బానిసలు, వాళ్ళలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు, ఆ కొండలు చూస్తున్నంతసేపూ నాకు అదే గుర్తొచ్చింది.

కాసేపటికి పక్కనే పొడుగ్గా, బోడిగా, చెట్టన్నది లేని ఒక ద్వీపం వస్తుంది. ఇక్కడ ఎవరూ ఉండరా అనడిగింది అమ్మ. ఇప్పుడెవరూ ఉండరు. అది మాక్రోనిసోస్. 1947 నుంచి, గ్రీస్ అంతర్యుద్ధం టైమ్‌లో, కమ్యూనిస్టులనీ వాళ్ళ సానుభూతిపరులనీ అనుమానం వచ్చినవాళ్ళని వేల మందిని తెచ్చి అక్కడ క్యాంపుల్లో పడేశారు, మా నమ్మకాలు వదిలేస్తున్నాం అని సంతకం పెట్టేదాకా కొట్టారు. సంగీతకారుడు మికిస్ థియోడొరాకిస్, కవి యానిస్ రిట్సోస్ కూడా అక్కడ బందీలుగా ఉన్నవాళ్ళే. రేవు నుంచి చూస్తే ఎంతో దూరం లేదు, రాత్రి ఊళ్ళో దీపాలు వాళ్ళకి కనపడే ఉంటాయి. అమ్మకి ఇదంతా చెప్తే పాపం ఎవరి పిల్లలో అని చాలాసేపు అటే చూస్తూ నిలబడింది. చుట్టూ అందరూ చల్లటి ఫ్రెడ్డో కాఫీలు తాగుతూ సెల్ఫీలు దిగుతున్నారు, వాళ్ళని ఏమీ అనను, సెలవులకి వచ్చారు, కానీ ఆ పక్కన వెళ్ళే మనకి కనీసం దాని పేరైనా తెలిసుండాలి అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మాక్రోనిసోస్ దాటి కేయా వైపు వస్తే ఆ సముద్రం అడుగున బ్రిటానిక్ ఉంది, టైటానిక్‌కి చెల్లెలు లాంటి షిప్. మొదటి ప్రపంచ యుద్ధంలో హాస్పిటల్ షిప్‌గా వాడుతుండగా 1916 నవంబర్ 21న సముద్రంలో పెట్టిన మైన్ తగిలి గంట లోపే మునిగిపోయింది. వెయ్యి మందికి పైగా ఉన్నారు, పోయినవాళ్ళు 30 మంది. టైటానిక్ నుంచి బతికి బయటపడ్డ వయొలెట్ జెస్సప్ ఇందులోనూ ఉంది, ఇక్కడా బతికింది. కేయా జాలర్లు పడవలేసుకుని వెళ్ళి నీళ్ళల్లో ఉన్నవాళ్ళని పైకి లాగారు. మన ఫెర్రీ ఆగే కొరిస్సియా రేవుకి కూడా ఆ రోజు కొంతమందిని చేర్చారు.

గాలి సంగతి కూడా చెప్పాలి. జూలై ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది, ఆకాశం నీలంగా, ఎండ ఫుల్లుగా ఉంటుంది కానీ సముద్రం మాత్రం తెల్లగా నురగలు కక్కుతుంటుంది. గాలి జోరు కొలిచే బోఫోర్ట్ స్కేల్ మీద అది 8, 9కి చేరితే రేవు అధికారులు షిప్‌లు ఆపేస్తారు, చిన్న స్పీడ్ బోట్లయితే ఇంకా ముందే. అందుకే వెళ్ళేది ఏ చిన్న ద్వీపానికైనా సరే, తిరిగొచ్చిన రోజే ఫ్లైట్ పెట్టుకోవద్దు, మధ్యలో ఒక రాత్రి ఏథెన్స్‌లో ఉంచుకోండి. వాంతులయ్యేవాళ్ళు షిప్ మధ్యభాగంలో, కింది డెక్‌లో కూర్చుంటే ఊపు తక్కువ తెలుస్తుంది, మాత్ర ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం లేదు.

దిగాక కొరిస్సియా నుంచి బస్సు గానీ ట్యాక్సీ గానీ పట్టుకుని కొండ మీదున్న యూలిడా ఊరికి వెళ్ళండి, ఊరి లోపలికి కార్లు రావు, అన్నీ మెట్లూ సందులే. ఇంకొంచెం నడిస్తే రాతిలో చెక్కిన సింహం ఉంటుంది, దాదాపు ఆరు మీటర్లు, క్రీ.పూ. 600 నాటిది అంటారు, మొహంలో చిన్న నవ్వు. అమ్మ దాని ముందు ఫోటో దిగింది.

వీకెండ్‌లో ఏథెన్స్ జనం కార్లేసుకుని ఇక్కడికే వస్తారు కాబట్టి శుక్రవారం సాయంత్రం వెళ్ళే ఫెర్రీలు, ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేవీ కిటకిటలాడతాయి. కుదిరితే మంగళవారమో బుధవారమో వెళ్ళండి, రెయిలింగ్ దగ్గర చోటు కోసం ఎవరితోనూ పోటీ పడక్కర్లేదు.