స్థిరం కాకుండా ఇంకొకటి

"ఏదైనా ఒక జ్ఞాపకం రాయండి" అని మన పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ మూడుసార్లు గుర్తు చేసింది. ఏదైనా అన్నారు గానీ నీలం చాక్‌పీసు సంగతి మాత్రం రాయను. అందులో ఉన్న ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు డీన్లు. మొదటి సంవత్సరం ఎలా గడిచిందో నిజంగానే గుర్తులేదు. నాకు మిగిలినదల్లా మన గణితం శుక్రవారం సెమినార్, అందులోనూ ఒకే ఒక్క శుక్రవారం.

ఆ రోజు వంతు నాది. ఒక తరహా ప్రమేయాలను (ఫంక్షన్లను) పట్టుకున్నాను: ఏ రెండు బిందువుల దగ్గరైనా వాటి విలువల తేడా, ఆ బిందువుల మధ్య దూరపు వర్గానికి ఒక స్థిరాంకం రెట్లు మించదు. వాటి మీద మూడు లెమ్మాలు (సిద్ధాంతానికి మెట్ల లాంటి చిన్న ఫలితాలు), ఒక సిద్ధాంతం. అన్నీ సొంతంగా అల్లుకున్నవే. రెండో లెమ్మా సగంలో ఉండగా మొదటి వరుసలోంచి మాస్టారి గొంతు వినిపించింది. ఏ మాస్టారో చెప్పాలా?

"ఒక ఉదాహరణ చెప్పు నాయనా."

స్థిర ప్రమేయం అన్నాను, అన్ని చోట్లా ఒకే విలువ ఉండేది.

"స్థిరం కాకుండా ఇంకొకటి."

గది గడియారం ఎప్పటిలాగే పదీ పది చూపిస్తోంది. నేను బోర్డు వైపు తిరిగి, రాసిందే మళ్లీ చదువుకున్నాను. "రెండు వైపులా దూరంతో భాగించి చూడు" అన్నారు. భాగించాను. ఎడమ పక్క వాలు, కుడి పక్క దూరం. బిందువులు దగ్గరవుతుంటే కుడి పక్క సున్నకు పోతోంది. అంటే అవకలజం, ఒక్కో బిందువు దగ్గరి వాలు, అన్ని చోట్లా సున్నే. నా ప్రమేయాలన్నీ స్థిరాలే! లెమ్మాలు తప్పు కాదు, సిద్ధాంతమూ తప్పు కాదు. కాకపోతే అవి చెప్పేదంతా ఒక అడ్డగీత గురించి. వెనక బెంచీలో నవ్వినది ఎవరో నాకు తెలుసు. సంచిక అందగానే ఫోను చేస్తాడు.

మాస్టారు లేచి వచ్చారు. డస్టరు ముట్టుకోలేదు (ఆ డస్టరును ఎవరు ముట్టుకుంటారు?). ఘాతంలోని 2ను బొటనవేలితో తుడిచి 1/2 అని రాసి, వెళ్లి కూర్చున్నారు. "ఇప్పుడు చెప్పు."

వర్గమూలం! రెండు వర్గమూలాల తేడాను వర్గం చేస్తే, అదే తేడాను వాటి మొత్తంతో గుణించినదాన్ని మించదు. ఆ లబ్ధమేమో అసలు సంఖ్యల తేడాయే. ఒకటిన్నర పంక్తిలో తేలిపోయింది. కూడికల లెమ్మా నిలిచింది, పరిమిత అంతరంలో గుణకారాల లెమ్మా నిలిచింది. మూడోదానికి అవకలజం కావాలి, వర్గమూలానికి సున్న దగ్గర అది లేదు కాబట్టి కూలింది. అది కూలినందుకు నేనంత సంతోషించడం మీలో కొందరికి వింతగా అనిపించి ఉంటుంది.

ఆ సాయంత్రం వరండాలో నన్ను ఆపి అమెరికా గణితజ్ఞుడు కోల్ కథ చెప్పారు. 2కు 67వ ఘాతం లోంచి 1 తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్య కాదని ఫ్రెంచి గణితజ్ఞుడు లూకాస్ 1876లోనే తేల్చాడు గానీ కారణాంకాలు ఎవరికీ దొరకలేదు. 1903లో ఒక సభలో కోల్ బోర్డు దగ్గరికి వెళ్లి 193707721ని 761838257287తో గుణించి చూపాడు. నోరు విప్పకుండానే వెళ్లి కూర్చున్నాడని చెప్పుకుంటారు. "నువ్వు గంటసేపు మాట్లాడదామని వచ్చావు, చేతిలో ఒక్కటీ లేకుండా" అన్నారు మాస్టారు. తిట్టారో, లాలించారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తరువాతి సంవత్సరాలు పరిశోధన, పెళ్లి, బదిలీల్లో కలిసిపోయాయి. ఇప్పుడు మా విభాగంలో వారం వారం సెమినార్ నా బాధ్యతే. నా దగ్గర ఆరుగురు పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఏడో విద్యార్థిని నాకంటే బాగా చెబుతుంది, ఆ సంగతి ఆమెకూ తెలుసు. నేను మొదటి వరుసలోనే కూర్చుంటాను.

క్రితం నెల బయటినుంచి ఒక కుర్రవాడు ప్రసంగించడానికి వచ్చాడు. నిర్వచనం రాయగానే నేను చెయ్యి ఎత్తబోయాను. అతను నా వైపు చూడకుండానే, నిర్వచనం కింద స్థిరం కాని ఉదాహరణలు రెండు రాశాడు. మా ఏడో విద్యార్థిని తల వంచుకుని నోట్సు రాసుకోవడంలో మునిగిపోయింది.