ఫిన్ రే వేళ్ల గ్రిప్పర్: ఇప్పటిదాకా జరిగిన పని

ఇంట్లో చేస్తున్న రోబో చేతికి కొత్త గ్రిప్పర్, అంటే వస్తువులను పట్టుకునే పంజా, బిగించాను. రెండు వేళ్లూ ఫిన్ రే పద్ధతివి, అంటే పొడవాటి త్రిభుజం, లోపల నిచ్చెన మెట్లలా అడ్డ పట్టీలు. మధ్యలో నొక్కితే వేలు కొన అవతలికి పోదు, నొక్కిన వైపుకే వంగి వస్తువును చుట్టుకుంటుంది. చేప రెక్కలో ఈ గుణం గమనించింది లైఫ్ క్నీజె, ఫ్యాక్టరీ గ్రిప్పర్లలోకి తెచ్చింది ఫెస్టో అనే జర్మన్ ఆటోమేషన్ కంపెనీ.

నాకు ఇది ఎందుకు అంత నచ్చిందంటే, వస్తువు ఆకారం మారినప్పుడల్లా ప్రోగ్రామ్ మార్చక్కర్లేదు, వేలే సర్దుకుంటుంది. టమాటా, తోతాపురి మామిడికాయ, షాంపూ సీసా మూడింటినీ ఒకే కోడ్‌తో ఎత్తింది!

వేళ్లు 95ఏ గట్టిదనం ఉన్న టీపీయూతో, అంటే రబ్బరులా వంగే ప్లాస్టిక్‌తో, 3డీ ప్రింట్ చేశాను. వేగం సెకనుకు 25 మిల్లీమీటర్లు దాటనివ్వకండి, ఫిలమెంట్‌ను (ప్రింటర్‌లో పెట్టే ప్లాస్టిక్ తీగను) ముందు 50 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఆరబెట్టండి, తేమ ఉంటే ప్రింటంతా దారాలు దారాలుగా వస్తుంది. వస్తువుకు తగిలే గోడ 1.6, లోపలి పట్టీలు 1.2 మిల్లీమీటర్లు. పట్టీలు ఇంకా మందమైతే వేలు బిగుసుకుపోయి టమాటా నలుగుతుంది. వేళ్లను కదిపే సర్వో మోటారు ఎంజీ996ఆర్. తిరగబోయి అడ్డు తగిలి ఆగిపోయినప్పుడు అది 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి దాన్ని నడిపే ఆర్డుయినో బోర్డు 5 వోల్టుల పిన్ నుంచి కరెంటు ఇవ్వకండి, వేరే 6 వోల్టుల సప్లై పెట్టి రెండింటి గ్రౌండ్ వైర్లు మాత్రం కలపండి.

బల్ల మీద పరిచిన అట్టముక్క దీనికి దొరకదు. దానికి గాలి లాగేసి అంటుకునే రబ్బరు కప్పు, వ్యాక్యూమ్ కప్పే దారి. 30 మిల్లీమీటర్ల కప్పులో 60 కిలోపాస్కల్ వ్యాక్యూమ్ ఉంటే లెక్క ప్రకారం 42 న్యూటన్లు, సుమారు 4 కిలోలు, కానీ పైనుంచి ఎత్తేటప్పుడు అందులో సగం, పక్క నుంచి పట్టేటప్పుడు పావు వంతే నమ్మాలి. అట్టలోంచి గాలి కారుతుంది కాబట్టి ఇంకా తక్కువే అనుకోండి.

అందుకే గ్రిప్పర్ మార్చుకునే ప్లేటు మీద ఎక్కువ సమయం పెట్టాను. 50 మిల్లీమీటర్ల వృత్తం మీద నాలుగు ఎం6 రంధ్రాలు, రోబో మణికట్టు ప్లేట్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9409 కొలత. యూఆర్5 లాంటి ఫ్యాక్టరీ రోబోల మణికట్టుకూ ఇదే ఉంటుంది, కాబట్టి ఇంట్లో గీసిన డిజైన్ రేపు అక్కడా సరిపోతుంది.

తర్వాతది బెలూన్‌లో కాఫీ పొడి గ్రిప్పర్, గాలి లాగేయగానే పొడి బిగుసుకుని వస్తువును పట్టేస్తుంది. ముందు ట్యూబు మూతికి ఫిల్టర్ చూడాలి, లేకపోతే పొడంతా పంపులోకి పోతుంది.