నల్గొండ టెక్నిక్

నిన్న నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు పెండ్లికి పోయిన. పక్కన కూసున్న పెద్దాయన మెడ వంగదు, తిరగదు. గ్లాసు నోటికి పెట్టాలంటే నడుము కాడికెంచి మొత్తం వెనక్కి వాలాలె. "మాకేం ఎరుక బిడ్డా, బోరునీళ్లు తేటగనే ఉండె" అన్నడు. నిజమే. నీళ్లల్ల ఎక్కువైతే ఎముకలు బిగుసుకపోయేటట్టు చేసే ఫ్లోరైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి, ఎమ్మెస్సీల చదువుకున్న 'నల్గొండ టెక్నిక్' యాదికొచ్చింది. నాగపూర్‌ల ఉన్న 'నీరి' (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కనిపెట్టింది. నీళ్లల్ల సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి అడుగుకు దిగినంక పైనీళ్లు వడగట్టుడే. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్ఓ మాట. టాంజానియా, ఇథియోపియా దేశాలల్ల సుత ఇదే పద్ధతి అక్కరకొచ్చింది. మన బాధ పేరే దానికి పెట్టిండ్రు, మురువాల్నో ఏడ్వాల్నో!

కాకపోతే పటిక రోజూ కొలిచి ఎవరెయ్యాలె? ఆ మడ్డి ఎక్కడ పారబొయ్యాలె? ల్యాబుల తేలిన లెక్క ఊర్లె నడవాలంటే, ఒక మనిషికి నెలనెలా జీతమియ్యాలె. చదువుకున్నోళ్లం కాగితం రాసి చేతులు దులుపుకుంటం, నాతో సహా. ఆఖరికి కృష్ణా నీళ్లు పైపుల వచ్చినయి.

పెద్దాయన మనుమడు నల్లా నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగుతుండు. మెడ ఎంత సులువుగ వంగిందో, చూస్తనే ఉండిపోయిన.