కనుమ నాడు కాళిజాయికి

పర్లాకిమిడి వాళ్ళం రైల్లో బరంపురం వెళ్ళాలంటే ముందు ఆంధ్రాలోకి పోయి, మళ్ళీ ఒడిశాలోకి తేలాలి. ఊరు దాటితే పాతపట్నం, అక్కణ్ణుంచి టెక్కలి మీదుగా నౌపడా. నౌపడాలో పెద్దలైను బండి ఎక్కి పలాస, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ దాటితే గానీ మన రాష్ట్రం మళ్ళీ రాదు. మన చిన్న రైలు 1900 నుంచీ ఉంది, 1936లో ఒడిశాని విడదీసి సరిహద్దు గీత గీసినవాళ్ళు మాత్రం దాని సంగతి పట్టించుకున్నట్టు లేరు.

మన స్కూల్లో మన తర్వాత చదివిన పిల్లల్లో చాలామందికి ఆ చిన్న రైలు తెలియదు. రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచేది. 2004లో ఆపి, బ్రాడ్‌గేజి వేసి, 2011లో మళ్ళీ మొదలుపెట్టారు. కొత్తది బాగానే ఉంది, గుణుపూర్ నుంచి పూరీ దాకా బండి మారకుండా పోవచ్చు, కాదనను. కానీ పాతదానికి ఒక సుగుణం ఉండేది. కూత వినపడ్డాక చెప్పులు వెతుక్కున్నా అందేది. ప్రయాణం గురించి ముందు రోజు ఆలోచించాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇది బాగా ఒంటబట్టినవాడు మన టైంటేబుల్. పేరు రాయను, బ్యాచ్ వాళ్ళందరికీ తెలుసు. రైళ్ళ టైములన్నీ వాడికి నోటికొచ్చు, స్కూలు టైముకి మాత్రం ఏనాడూ రాలేదు.

గజపతి జిల్లా 1992లో వచ్చింది కదా, ఆ తర్వాత ఒక సంక్రాంతి. కనుమ రోజు ఇంకా తెల్లారకుండానే మా అరుగు దగ్గర నిలబడి, "ఒరే, చిలికా ఎలిపోదాం, లేచి రా" అన్నాడు. ఎందుకురా అంటే చిలికా సరస్సు మధ్య దీవిలో ఉన్న కాళిజాయి అమ్మవారి జాతరట, పడవలు బాగా తిరుగుతాయట, మళ్ళీ ఇలాంటి అవకాశం రాదట. లోపల్నుంచి మా మామ్మ వింది. "కనుమ నాడు కాకి కూడా కదలదు, ఎక్కడికిరా గుంటల్లారా?" అంది. "కాకులు కదలవు మామ్మా, మేం చూడబోయేవి సైబీరియా బాతులు" అన్నాడు వీడు. ఆవిడకి నవ్వొచ్చింది, అదే మాకు పర్మిషన్. అమ్మ అరిసెలు, జంతికలు పాత చీర ముక్కలో మూటగట్టి ఇచ్చింది.

చిన్న రైలు గురించి ఇంక రాస్తే ఆపలేను, వదిలేస్తున్నాను. నౌపడా ఉప్పుమడులు చూసి బయల్దేరినవాళ్ళం, బరంపురం దాటి హుమ్మా దగ్గర మళ్ళీ ఉప్పుమడులే చూశాం. రంభ వచ్చేసరికి కుడివైపు కిటికీల దగ్గర తోపులాట మొదలైంది. ఒక పక్క కొండలు, ఒక పక్క అంతులేని నీళ్ళు, ఆ మధ్యలోంచి పట్టాలు. బాలుగాంలో దిగి మురీలు (మరమరాలు), ఆలూచాపు తిని రేవుకి నడిచాం.

లాంచీ అన్నారు గానీ అది డీజిల్ ఇంజను బిగించిన పెద్ద నాటు పడవ. టైము లేదు, జనం నిండితే కదులుతుంది. అంటే అది కూడా మా టైంటేబుల్ గాడి పద్ధతే. పడవతను ఇంజను చక్రానికి తాడు చుట్టి ఒక్క గుంజు గుంజితే నల్లటి పొగ మా మొహాల మీదికొచ్చింది. ఇంకో కుర్రాడు సగానికి కోసిన నూనె డబ్బాతో అడుగున చేరిన నీళ్ళు తోడి పోస్తూనే ఉన్నాడు. ఆ డబ్బా చూశాకే టైంటేబుల్ మొహం మారింది, వాడికి ఈత రాదు.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో ఎర్ర గాజుల పొట్లం పెట్టుకుని, ఒడియాలో జాయి కథ ఎత్తుకుంది. పెళ్ళికూతురు జాయి తండ్రితో కలిసి పడవలో పారికుద్‌కి, అత్తారింటికి, వెళుతుంటే గాలివాన వచ్చి పడవ తిరగబడింది. అందరూ బతికారు, పిల్ల మాత్రం దొరకలేదు. ఆ పిల్లే ఈ అమ్మవారు. మంచి కథే, కానీ పడవ నడిమధ్యలో చెప్పాల్సిన కథ కాదు.

సరిగ్గా అప్పుడే ఇంజను గురగురమని ఆగిపోయింది. చుట్టూ నీళ్ళు, గట్టు దూరంగా ఒక గీతలా ఉంది. టైంటేబుల్ బల్లని రెండు చేతులా పట్టుకుని సింహాద్రి అప్పన్నకి తలనీలాలు మొక్కేశాడు, గట్టిగా, అందరికీ వినపడేలా. పడవతను కొడవలి పట్టుకుని నీళ్ళలోకి దూకాడు. దూకి, నిలబడ్డాడు. నడుం లోతు! ఫ్యానుకి చుట్టుకున్న గడ్డిని తాపీగా కోసి పక్కన పారేస్తున్నాడు. పడవంతా ఒకటే నవ్వు. "నడుం లోతు నీళ్ళకి గుండు ఏటిరా" అని వీడు గొణుగుతుంటే, గాజులావిడ మాత్రం నవ్వకుండా మొక్కు మొక్కే బాబూ, తీర్చాల్సిందే అని తేల్చేసింది. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని, హుళుహుళి మధ్య కాళిజాయిలో దిగాం. వాడు దేవి దగ్గర కూడా అప్పన్న మొక్కు మాఫీ చేయించమని అడిగాడని నా అనుమానం.

ఆ గడ్డి సంగతి తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాను. నదులు తెచ్చే మట్టితో చిలికా మేట వేసుకుపోయింది, సముద్రంలోకి దారి పూడుకుపోయి ఉప్పు తగ్గింది, దాంతో గడ్డి పెరిగింది. 1981లో ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా, అదే రాంసర్ జాబితాకెక్కిన సరస్సుని 1993లో ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సాతపడా వైపు సముద్రానికి కొత్త దారి తవ్వాక ఉప్పునీరు తిరిగొచ్చింది, చేపలూ పెరిగాయి, 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి తీసేశారు. మేం వెళ్ళింది ఆ చెడ్డ రోజుల్లో అన్నమాట. మాకేం తెలుసు, మాకది సముద్రమే.

బాతులు? దూరంగా నీళ్ళ మీద నల్లగా ఒక గుంపు కనిపించింది. పక్షులు చేరే నలబన దీవి దాకా తీసుకెళ్ళమంటే పడవతను చెయ్యి ఊపేశాడు. మామ్మకి మాత్రం సైబీరియా బాతులు వేలకొద్దీ చూశామని టైంటేబులే వర్ణించి చెప్పాడు.

రాత్రి నౌపడాలో దిగేసరికి చిన్న రైలు వెళ్ళిపోయింది. ఆ రోజే దానికి టైముకి వెళ్ళాలనిపించింది! మిగిలిన జంతికలు తిని ప్లాట్‌ఫారం బల్ల మీదే పడుకున్నాం. సింహాచలంలో గుండు కూడా వేసవి సెలవుల్లో అయిపోయింది, తోడు నేనే. ఆ ప్రయాణం కూడా పొద్దున్న అనుకుని మధ్యాహ్నం బయల్దేరిందే.

ఈసారి సమ్మేళనం అయిన మర్నాడు చిలికా వెళ్దామని కొంతమందిమి అనుకుంటున్నాం. వచ్చేవాళ్ళు ముందుగా పేర్లు ఇవ్వండి, టికెట్లు తీయాలి. టైంటేబుల్‌కి ఫోన్ చేస్తే "రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక చెప్తాలే" అన్నాడు.