అవ్వ కొప్పు ఎక్కడ పెట్టాలి?

క్యూబిజం అనే బొమ్మలు వేసే పద్ధతిని పిల్లలకి చెప్పాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. ఇన్నాళ్ళూ ఆగడానికి కారణం ఒకటే, దాన్ని నేర్పే పద్ధతి ఎక్కడ చూసినా నాకు నచ్చలేదు. పాచిక వెయ్యి, మూడు పడితే ఈ కన్ను గియ్యి, ఐదు పడితే ఆ ముక్కు గియ్యి అంటారు. లేదంటే ఒక ఫొటోని ముక్కలు చేసి తలకిందులుగా అతికించమంటారు. పిల్లలు నవ్వుతారు, గంట గడిచిపోతుంది, బొమ్మలు గోడకెక్కుతాయి. ఆ గంటలో వాళ్ళు ఒక్క ముఖాన్నైనా నిదానంగా చూశారా అంటే లేదు. చిత్రకారులు పికాసో, జార్జ్ బ్రాక్ 1908 ప్రాంతం నుంచి ఏళ్ళ తరబడి కలిసి చేసిన పని చూడటానికి సంబంధించింది. ఒక్కచోటే కూర్చుని చూస్తే వస్తువైనా మనిషైనా పూర్తిగా అందదు, కాబట్టి ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి చూసినవన్నీ ఒకే బొమ్మలోకి తెద్దాం అనుకున్నారు. పిల్లలకి అందాల్సింది అదే అని నా పట్టుదల.

ఈ ఆదివారం దానికి కుదిరింది. నెల్లూరు మూలాపేటలో మధ్యాహ్నం మూడింటికి కూడా ఎండ మండిపోతూ ఉంది. అయినా పిల్లలు అట్టలు, క్రేయాన్లు పట్టుకుని వచ్చేశారు. నిన్న సాయంత్రమే జిరాక్స్ షాపులో మూడు బొమ్మలు కలర్ ప్రింట్ తీయించి పెట్టుకున్నాను. మొదటిది పికాసో 1910లో వేసిన అంబ్రోయిజ్ వొలార్ చిత్రం. ఆయన పారిస్‌లో బొమ్మలు అమ్మే వ్యాపారి. రెండోది 1912లో హువాన్ గ్రీస్ అనే ఇంకో చిత్రకారుడు పికాసోనే కూర్చోబెట్టి వేసినట్టున్న చిత్రం. మూడోది 1937లో పికాసో వేసిన 'ఏడుస్తున్న స్త్రీ'.

వొలార్ బొమ్మ చూపించగానే ఐదో తరగతి బాబు, "అద్దం పగిలినట్టుంది అక్కా" అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా, అందులో మనిషి ఉన్నాడు, వెతకండి అన్నాను. ముందు బట్టతల దొరికింది. చుట్టూ అంతా బూడిద రంగు, గోధుమ రంగు ముక్కలే, నుదురు దగ్గర మాత్రం వెచ్చటి రంగు వెలుగుతూ ఉంటుంది, అందుకని చూపు అక్కడికే పోతుంది. తర్వాత ముక్కు, కిందికి వాలిన కళ్ళు, గడ్డం. "నిద్ర పోతా ఉండాడు" అని ఒక పాప తేల్చేసింది. ఇదే పెద్దమనిషి బొమ్మని 1899లో సెజాన్ అనే చిత్రకారుడు కూడా వేశాడు. ఆ ప్రింట్ కూడా తెచ్చి ఉంటే బాగుండేది, ఒకే మనిషి ఇద్దరి చేతుల్లో ఎంత వేరుగా వచ్చాడో పక్కపక్కన పెట్టి చూపించేదాన్ని. గ్రీస్ వేసిన బొమ్మ వాళ్ళకి సులువుగా అందింది. అందులో పికాసో చేతిలో రంగుల పళ్ళెం పట్టుకుని కూర్చుంటాడు, గీతలు నీటుగా ఉంటాయి. 'ఏడుస్తున్న స్త్రీ' దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎర్ర టోపీ, అందులో నీలం పువ్వు, నోటి దగ్గర నలిగిపోయిన చేతిరుమాలు. అందరికంటే చిన్న పాప, "ఎందుకు ఏడస్తా ఉంది?" అని అడిగింది. ఆ ఏడు పికాసో వాళ్ళ దేశం స్పెయిన్‌లో యుద్ధం, ఊళ్ళ మీద బాంబులు వేశారు అని చెప్పాను. పాప తల ఊపి మళ్ళీ బొమ్మనే చూస్తూ కూర్చుంది.

బొమ్మలు చూడటం అయ్యాక ఎదురింటి అవ్వని పిలిచాం. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లల్ని చుట్టూ కూర్చోమన్నాను. ఎవరికి ఏ వైపు కనపడితే ఆ వైపు గీయాలి, నేను చప్పట్లు కొట్టగానే లేచి పక్క చోటుకి జరగాలి. కాగితం మాత్రం మార్చకూడదు. రబ్బరు కూడా వాడకూడదు. పిల్లలకి అన్నిటికంటే కష్టమైన షరతు ఈ రబ్బరుదే! బళ్ళో అలవాటు అలాంటిది, ఒక గీత గీసి మూడు సార్లు చెరుపుతారు.

మొదటి చప్పట్లకి అందరూ గొడవ. "సగం గీసినాక్కా, ఇప్పుడు అవ్వ మారిపోయింది." అవ్వ మారలేదు, నువ్వు మారావు అన్నాను. "మరి ఇది ఎక్కడ గీయాలి?" నీకు ఎక్కడ బాగుంటుందనిపిస్తే అక్కడ. అప్పటికీ వాళ్ళకి నమ్మకం కుదరలేదు. కాసేపు కాగితం వైపు, నా ముఖం వైపు మార్చి మార్చి చూశారు.

ఆ తర్వాత జరిగింది మాత్రం రాసి పెట్టుకోవాలి.

అవ్వకి సోడాబుడ్డి కళ్ళద్దాలు. ముందు నుంచి చూస్తే ఆ అద్దంలో కన్ను ఇంతేసి కనపడుతుంది. పక్కకి వెళ్ళి కూర్చుంటే చూపు అద్దం వెనక సందులోంచి పోతుంది, అక్కడ కన్ను ఉన్నంతే, చిన్నదిగా, చుట్టూ ముడతలతో కనపడుతుంది. ఐదో తరగతి బాబు ముందు వైపు కూర్చున్నప్పుడు అద్దం నిండా ఒక పెద్ద కన్ను గీశాడు. పక్కకి జరిగాక పెన్సిల్ ఆపేసి చాలాసేపు వంగి చూశాడు. తర్వాత ఆ పెద్ద కన్ను పక్కనే అద్దం లేకుండా ఒక చిన్న కన్ను గీసి, దాని చుట్టూ ముడతలు పెట్టాడు. నేను ఏమీ చెప్పలేదు. "రెండూ అవ్వ కళ్ళే, ఒకటి అద్దంలోది, ఒకటి నిజంది" అని వాడే పక్క పిల్లాడికి చెప్తున్నాడు. పాచిక ఎన్నిసార్లు వేసినా ఆ చిన్న కన్ను వచ్చేది కాదు.

ఇంకో వైపు కొప్పు పంచాయితీ. టైలర్ గారి అమ్మాయి అవ్వ వెనక కూర్చున్నప్పుడు కొప్పు, అందులో కనకాంబరాలు ఎంతో శ్రద్ధగా చూసింది, కానీ కాగితం మీద అప్పటికే ముఖం నిండిపోయింది. ముందు నుంచి వేసిన ముఖంలో వెనక ఉన్న కొప్పు ఎక్కడ పెట్టాలి? వదిలెయ్యమని పక్క పిల్ల సలహా. అవ్వ ఒప్పుకోలేదు. "పూలు పెట్టకపోతే నేను లేస్తా" అంది. చివరికి ఆ అమ్మాయి కొప్పుని చెవి పక్కన, చెంపకి ఆనించి పెట్టింది. కనకాంబరాల దండ చెంప మీదికి వచ్చింది. అంత అందంగా ఉంది ఆ చోట! అక్కడ ఇంకేం పెట్టినా అంత బాగా అమరేది కాదు.

పొద్దు వాలాక లోపల గదిలో తలుపులేసి, సెల్‌ఫోన్ లైటు వేసి, అవ్వ పక్క నుంచి నీడ గోడ మీద పడేలా చేశాం. గోడకి పాత న్యూస్‌పేపర్ అంటించి నుదురు, ముక్కు, పెదాలు, గడ్డం గీత వెంబడి గీసి కత్తిరించాం. ఆ పక్క ముఖాన్ని ముందు ముఖం మీద సరిగ్గా మధ్యలో అతికిస్తే ఆ సగం ఒక్కటే చూసినప్పుడు అవ్వ పక్కకి తిరిగి ఉంటుంది, మొత్తం చూస్తే మనల్నే చూస్తూ ఉంటుంది. ఒక సగం వేడి రంగులు, ఒక సగం చల్లటి రంగులు వేయమన్నాను. క్యూబిజం మొదలుపెట్టాలనుకునే ఎవరికైనా ఈ ఒక్క పని చాలు. ఖర్చు లేదు, కత్తెర పట్టుకోగలిగిన ఏ పిల్లాడైనా చేస్తాడు.

నీడ చూడగానే అవ్వకి వాళ్ళ ఊరు గుర్తొచ్చింది. ఉదయగిరి పక్కన పల్లె. తోలుబొమ్మలాట తెల్లారేదాకా ఆడేవాళ్ళంట, రావణాసురుడు తెర మీదికి వస్తే తను వాళ్ళమ్మ కొంగులో దూరేదంట. ఆ బొమ్మల్లో ముఖం పక్కకి తిరిగి ఉంటుంది, ఛాతీ మాత్రం మనవైపే ఉంటుంది. ఇది తప్పు అని చూసేవాళ్ళు ఎవరూ ఎప్పుడూ అనలేదు. పిల్లలకి అది చెప్తే వెంటనే ఒప్పేసుకున్నారు. వాళ్ళు పుట్టి పెరిగిన చోటే ఉన్న విషయం పక్కన పెట్టి, అంతా పారిస్ నుంచే మొదలైనట్టు చెప్పడం నాకు ఇష్టం లేదు. కలకత్తాలో చిత్రకారుడు గగనేంద్రనాథ్ టాగూర్ 1920ల్లోనే క్యూబిజం పద్ధతిలో ఇళ్ళు, మెట్లు, వెలుగునీడలు వేశారు, ఆయన బొమ్మలు కూడా వీళ్ళకి ఒకరోజు చూపించాలి.

టైలర్ గారి అమ్మాయి సంచిలో గుడ్డ ముక్కలు తెచ్చుకుంది. చీర గీయకుండా చీర గుడ్డే అతికించొచ్చా అని అడిగింది. 1912లో పికాసో కూడా ఇలాగే కుర్చీ అల్లిక అచ్చు వేసిన గుడ్డ తెచ్చి బొమ్మలో అతికించి, చుట్టూ ఫ్రేము బదులు తాడు కట్టాడు అని చెప్పాను. "నిజం తాడా?" నిజం తాడే. అంతే, ఇక ఎవరినీ ఆపలేకపోయాను. పాత శుభలేఖల మీద బంగారు రంగు కత్తిరించి అవ్వకి గాజులు, ముక్కుపుడక చేశారు. ఫెవికాల్ డబ్బా ఖాళీ.

ఆరింటికి ఒక బాబు వాళ్ళ నాన్నగారు వచ్చారు. బొమ్మ చూసి ఆయన ముఖం చిన్నదైంది. "మావాడు మామూలుగా బాగానే వేస్తాడు కదా మేడం, ఇదేంది ఇట్టా?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. పోటీల్లో ప్రైజులొచ్చే బొమ్మలు వేరు కదా. పికాసో పదిహేనేళ్ళకే, 1897లో, మంచం మీద రోగి, పక్కన డాక్టరు, బిడ్డనెత్తుకున్న నన్ ఉన్న పెద్ద పెయింటింగ్ అచ్చం ఉన్నది ఉన్నట్టు వేశాడని చెప్పి, అది ఫోన్లో చూపించాను. అచ్చుగుద్దినట్టు వేయడం చేతనైనవాడే తర్వాత ఇలా వేశాడు, మీవాడికి రెండూ రావాలి అన్నాను. ఆయన ఇంకా ఏదో అనబోతుంటే బాబే అవ్వ దగ్గరికి లాక్కెళ్ళి, "నాన్నా ఇక్కడ కూర్చో, కంటి అద్దం వెనక నుంచి చూడు" అన్నాడు. ఆయన నిజంగానే కింద కూర్చుని తల వంచి చూశారు. "అవును రా, చిన్నగానే ఉంది" అన్నారు. అవ్వకి కోపమొచ్చింది, ఇంతమంది నా కంట్లోకి చూసేదేంది అని.

బొమ్మల్లో ఏది అవ్వకి ఇవ్వాలన్న దానికి కూడా గొడవే అయింది. అవ్వ కొప్పు ఉన్నదే కావాలంది.

ఈసారి వాళ్ళ సొంత ముఖాలు వేయించాలి. అద్దంలో ఎవరికైనా ముందు వైపే కనపడుతుంది, తమ తల వెనక భాగం ఏ పిల్లాడూ నిదానంగా చూసుకుని ఉండడు. సందు చివర సెలూన్‌లో ముందు ఒక అద్దం, వెనక గోడకి ఒక అద్దం ఉన్నాయి, కుర్చీలో కూర్చుంటే మెడ వెనక కూడా కనపడుతుంది. మంగళవారం షాపు సెలవు కాబట్టి, ఆ సాయంత్రం బడి వదిలాక ఒక గంట తాళం తీస్తాడేమో రేపు వెళ్ళి అడగాలి. ఫెవికాల్ కూడా కొనాలి, పెద్ద డబ్బా.