హన్మకొండలో మాల్, వరంగల్‌లో బజారు

శ్రావణంలో పెళ్లి బట్టలు అనగానే మా అమ్మకు వరంగలే గుర్తొస్తుంది. కరీంనగర్‌లో దుకాణాలు లేక కాదు. జేపీఎన్ రోడ్డులో ఒక్క పూట తిరిగితే పెళ్లికూతురి పట్టుచీర నుంచి చుట్టాలకు పెట్టే చీరల దాకా అన్నీ దొరికిపోతాయని ఆమె నమ్మకం. మేనకోడలి పెళ్లి దగ్గరపడటంతో పొద్దున్నే ఇద్దరం ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. అలుగునూరు బ్రిడ్జి దాటేసరికే బస్సు నిండిపోయింది. ఎక్కువమంది ఆడవాళ్లే. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఈ రూటులో ఇంతే. హుజూరాబాద్‌లో ఎక్కిన నలుగురు వదినామరదళ్లు ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్లు తీసుకుని, ఎవరికి ఏ రంగు చీర అనే చర్చలో పడ్డారు. ఎల్కతుర్తి, హసన్‌పర్తి దాటి హన్మకొండ బస్టాండులో దిగేసరికి వాళ్ల లిస్టు మాకూ కంఠతా వచ్చేసింది. వాళ్లూ, మేమూ షేర్ ఆటోలు పట్టుకుని వరంగల్ చౌరస్తాకే వెళ్లాం.

చౌరస్తాలో దిగాక నడక అంటూ ఉండదు, జనమే మనల్ని ముందుకు తీసుకెళ్తారు. దుకాణం మెట్ల మీద చెప్పులు విప్పి లోపలికి వెళ్తే తెల్లటి పరుపుల మీద చీరలు గుట్టలుగా పరిచి ఉన్నాయి. సేల్స్ కుర్రాడు ఒక చేత్తో చీర విప్పుతూ, ఇంకో చేత్తో చాయ్ అందిస్తున్నాడు. ధర దగ్గర అమ్మ లేచి నిలబడటం, మెట్ల దాకా వెళ్లాక వాళ్లు వెనక్కి పిలవడం, మళ్లీ కూర్చోవడం, అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. గిరాకి లేదనే మాట ఆ రోడ్డులో ఎవరి నోటా వినలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా అమ్మకు బాత్రూం అవసరమైంది. ఆమెకు షుగర్, పైగా మోకాళ్ల నొప్పులు. మేం వేలకు వేలు బిల్లు కట్టిన దుకాణంలోనే అడిగితే, లేదని తలూపి పక్క సందులోని హోటల్ చూపించారు. హోటల్‌లో పై అంతస్తు అన్నారు, మెట్లు నిటారుగా ఉన్నాయి. అమ్మ కింద నుంచే వెనక్కి తిరిగింది. బజారుకొచ్చే రోజు పొద్దుటి నుంచీ నీళ్లు తాగకపోవడం తనకు చిన్నప్పటి నుంచీ అలవాటేనని మామూలుగా చెప్పింది. నాకు మాత్రం చాలా బాధేసింది. ఊళ్ల నుంచి బస్సులు నింపుకుని వచ్చి ఈ బజారును నడిపిస్తున్నది ఆడవాళ్లు. వాళ్లే ఇక్కడ నీళ్లు తాగకుండా తిరగాలా?

చిన్నమ్మ కొడుక్కు ఫోన్ చేశాను. హన్మకొండలోని ఒక మాల్‌లో వాడికి మొబైల్ షాపు ఉంది. ఎలాగూ వాడికి పెళ్లి కార్డు ఇవ్వాలి. "ఆటో ఎక్కి ఇటు రాండి అక్కా, ఇక్కడ అన్నీ ఉన్నయి, మనుషులే లేరు" అన్నాడు. ఆటోలో అమ్మ ఆజంజాహి మిల్లు సంగతి ఎత్తింది. 1934లో పెట్టిన ఆ బట్టల మిల్లు మీద ఒకప్పుడు వేల కుటుంబాలు బతికాయి. మూతపడ్డాక ఆ భూములు ముక్కలై ఇళ్ల స్థలాలయ్యాయి. పెద్ద కట్టడం ఖాళీ అయితే ఎలా ఉంటుందో ఈ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు.

మాల్ ముందు అద్దాల గోడకు వేలాడదీసిన పెద్ద బ్యానర్ ఎండకు వెలిసిపోయి, అందులో హీరోయిన్ ముఖం తెల్లబడిపోయింది. లోపల ఎస్కలేటర్ ఆగిపోయి చాలా కాలమైందట. నల్లటి రబ్బరు చేతిపట్టు మీద దుమ్ము పేరుకుని ఉంది. మెట్ల చివర దువ్వెనలాంటి పళ్లలో ఒక పల్లీ పొట్టు, ఒక చిన్న పిల్లల హెయిర్ క్లిప్పు ఇరుక్కుని ఉన్నాయి. ఎస్కలేటర్ మెట్లు మామూలు మెట్లకంటే ఎత్తు కాబట్టి అమ్మ ఎక్కలేదు. తమ్ముడు మమ్మల్ని లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లాడు. అది పనిచేస్తోంది. మొదటి అంతస్తులో లేడీస్ టాయిలెట్ శుభ్రంగా ఉంది, నీళ్లొస్తున్నాయి, లోపల గొళ్లెం పడుతుంది. బయటికి వచ్చి స్టీలు బెంచీ మీద కూర్చుని అమ్మ సీసా నీళ్లన్నీ తాగేసింది. "ఏందిరా, ఇంత మంచిగున్నది, మనుషులేరి?" అని అడిగింది.

వాడు చూపిస్తూ చెప్పుకొచ్చాడు. సగానికి పైగా మడిగలకు, అంటే దుకాణం గదులకు, షట్టర్లు దించే ఉన్నాయి. ఒక్కోదాని మీద 'కిరాయికి ఇవ్వబడును' అని రాసి ఒక్కో ఫోన్ నంబరు. అసలు జబ్బు ఆ నంబర్లలోనే ఉందని కాసేపటికి నాకు అర్థమైంది. మాల్ కట్టిన బిల్డరు డబ్బు తొందరగా రాబట్టుకోవడానికి మడిగలను విడివిడిగా అమ్మేశాడు. ఒక మడిగ అమెరికాలో ఉన్నాయనది. ఒకటి రిటైరైన సారుది. ఇంకోటి పరకాల వైపు పత్తి వ్యాపారిది. ఎవరి కిరాయి వాళ్లదే, ఎవరి పంతం వాళ్లదే. ఏ అంతస్తులో ఏ దుకాణం ఉండాలి, పండక్కి ఏం చేయాలి అని చూసే మనిషే లేడు. జనాన్ని లాగే పెద్ద దుకాణం ఒకటుంటేనే చుట్టూ ఉన్న చిన్నవి బతుకుతాయి. ఇక్కడ కింది అంతస్తులో ఉన్న సూపర్ మార్కెట్ వెళ్లిపోయింది. కరోనా లాక్‌డౌన్‌లో మూసిన పై అంతస్తు థియేటర్ తెరుచుకోలేదు. 2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ సగం మునిగినప్పుడు సెల్లార్‌లోకీ నీళ్లొచ్చి పార్కింగ్ పాడైంది. ఈలోగా ఊళ్లోకి ఐదంతస్తుల బట్టల షోరూంలు వచ్చాయి. వాటికి ఒక్కడే యజమాని. ఆషాఢం ఆఫర్ పెట్టాలనుకుంటే సాయంత్రానికల్లా బ్యానర్ కట్టేస్తాడు.

ఇది మన ఒక్క ఊరి కథే అయితే పేరు పెట్టి తిట్టుకుని ఊరుకోవచ్చు. నైట్ ఫ్రాంక్ అనే స్థిరాస్తి సలహా సంస్థ లెక్క ప్రకారం 2023 నాటికి దేశంలోని 8 పెద్ద నగరాల్లో 64 మాల్స్ 40 శాతానికి మించి ఖాళీగా ఉన్నాయి. తేడా ఏమిటంటే, హైదరాబాద్‌లో ఒక మాల్ ఖాళీ అయితే జనం పక్క మాల్‌కు పోతారు. ఇక్కడ ఇదే మూతపడితే తమ్ముడి లాంటి వాళ్లు మళ్లీ ఏ రోడ్డు పక్కనో షట్టర్ వెతుక్కోవాలి.

ఈ కట్టడం తీరులోనే ఇంకో లోపం కనిపించింది. రోడ్డు వైపు ఉన్నదంతా అద్దమూ, గోడా. ఒక్క దుకాణం కూడా రోడ్డుకు తెరుచుకోదు. నాలుగువైపులా మూసి, దుకాణాలన్నీ లోపలికి తిప్పిన మాల్‌ను మొదట 1956లో విక్టర్ గ్రూయెన్ అనే వాస్తుశిల్పి అమెరికాలోని మిన్నెసోటాలో కట్టాడు. అక్కడ మంచు కురిసే చలి, దానికి మూసిన గోడలు కావాలి. మనం కిటికీలోంచి చూసి, ధర అడిగి, నచ్చితే చెప్పులు విప్పే మనుషులం. బస్సులో నుంచి చూసేవాళ్లకు ఈ మాల్‌లో ఏం దొరుకుతుందో తెలిసే దారే లేదు.

తమ్ముణ్ని అన్నిటికంటే సతాయిస్తున్నది మెయింటెనెన్స్. "కిరాయి ఎంతో తెలుసక్కా, అది కడ్త. మెయింటెనెన్సే ఒక నెల ఒక తీరు, ఇంకో నెల ఇంకో తీరు. జనరేటర్ డీజిల్ అంటరు, లిఫ్టు రిపేరంటరు. ఎవలు లెక్క సూపెట్టరు" అన్నాడు. వాడు చెప్తుంటే నాకు కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనం గుర్తొచ్చింది. అంతకుముందు రాజులు తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సరుకంతా లాక్కునేవాళ్లు. ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు 1244లో వాళ్లకు అభయమిచ్చి, నియమించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని రాతి మీద చెక్కించాడు. వ్యాపారి సుంకానికి భయపడడు, అది ఎంతో తెలియకపోతేనే భయపడతాడు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందట ఈ నేల మీది రాజుకు తెలిసిన సంగతి ఇది. ఈ మాల్ అసోసియేషన్ కూడా నెలనెలా ఖర్చుల లెక్క రాసి లిఫ్టు పక్కన అతికించవచ్చు.

రెండో అంతస్తులో మాత్రం లైట్లు వెలుగుతున్నాయి. రెండు మడిగల మధ్య గోడ తీసేసి ఒక అమ్మాయి మగ్గం వర్క్ పెట్టింది. సోఫాలు గట్రా ఏమీ లేవు. నాలుగు కర్ర చట్రాలు, వాటికి బిగుతుగా లాగి కట్టిన జాకెట్ ముక్కలు, చుట్టూ నేల మీద కూర్చున్న ఆడవాళ్లు. నేను ఒకామె పక్కన చాలాసేపు కూర్చున్నాను. ఎడమ చెయ్యి బట్ట కింద దారం పట్టుకుని ఉంటుంది, కనిపించదు. కుడి చేతిలోని సూది కొనకు చిన్న కొక్కెం. పైనుంచి గుచ్చుతుంది, కింద వేలు దారాన్ని కొక్కేనికి అందిస్తుంది, సూది దాన్ని లాక్కుని పైకొస్తుంది. మధ్యలో ఒక పూస ఎక్కుతుంది. ఆమె మాతో మాట్లాడుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఒక్క కుట్టు కూడా తప్పలేదు. నెమలి మెడ ఒంపు దగ్గర నీలం దారం నుంచి పచ్చకు మారినప్పుడు కూడా కిందికి చూసి ఏరుకోలేదు, ఏ దారం ఎక్కడుందో వేళ్లకే తెలుసు.

ఆ అమ్మాయి ఇక్కడికి రావడానికి కారణం సూటిగా చెప్పింది. బజారులో ఇంత జాగా తీసుకోవడం తన వల్ల కాదు. ఖాళీగా ఉంచడం కంటే నయమని యజమాని తక్కువ కిరాయికి ఒప్పుకున్నాడు. పనికొచ్చే ఆడవాళ్లకు టాయిలెట్ ఉంది, చీకటి పడ్డా వాచ్‌మన్ ఉన్నాడు, ఇంట్లోవాళ్లు ధైర్యంగా పంపిస్తున్నారు. పెళ్లిళ్ల సీజన్‌లో ఊపిరి సలపని పని. జాకెట్ ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఎట్లాగూ వచ్చాం కదా అని కింద ఫోన్ కవర్ కొనుక్కుని పోతున్నారని తమ్ముడు ఒప్పుకున్నాడు. అమ్మ అప్పటికప్పుడే సంచి విప్పి, కొత్త చీరల జాకెట్ ముక్కలు రెండు తీసి కొలతలు ఇచ్చేసింది.

ఆ పక్కనే రక్తపరీక్షల శాంపిల్ సెంటర్ ఒకటి కొత్తగా తెరిచారు. నాకు ఇది ఇంకా పెద్ద దారి అనిపించింది. వరంగల్ ఆస్పత్రుల ఊరు. ఎంజీఎం సర్కారు దవాఖానకూ, ప్రైవేటు ఆస్పత్రులకూ ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి రోజూ జనం వస్తారు. ఒక మనిషి డాక్టర్ దగ్గర ఉంటే ముగ్గురు బయట ఎదురుచూస్తుంటారు, కూర్చోవడానికి జాగా ఉండదు. అమెరికాలోని నాష్‌విల్‌లో ఇలాగే దెబ్బతిన్న వన్ హండ్రెడ్ ఓక్స్ మాల్ పై అంతస్తును 2009లో వాండర్‌బిల్ట్ వైద్య కేంద్రం తీసుకుని క్లినిక్‌లు పెట్టింది. కింద దుకాణాలు అలాగే నడిచాయి. అదే ఇక్కడ ఎందుకు జరగకూడదు? మూసిన థియేటర్ హాలు కోచింగ్ సెంటర్‌కు సరిపోతుంది. గ్రూప్స్ చదివే పిల్లలు ఈ ఊళ్లో ఇరుకు గదుల్లో కిక్కిరిసి కూర్చుంటున్నారు. కింది అంతస్తులో కొత్తవాడ నేత కార్మికుల దర్రీలు పెట్టొచ్చు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, కానీ వేయి స్తంభాల గుడి చూసి వెళ్లే యాత్రికుడికి అవి ఎక్కడ దొరుకుతాయో తెలియదు.

జేపీఎన్ రోడ్డుతో పోటీపడి ఈ మాల్ గెలవదు, గెలవాల్సిన పనీ లేదు. అక్కడ బేరం ఉంది, రకాలు ఉన్నాయి, తాతల నాటి నమ్మకం ఉంది. ఇక్కడ టాయిలెట్, లిఫ్టు, బెంచీ, చల్లటి నీడ, తాగే నీళ్లు ఉన్నాయి. బస్సుల్లో వచ్చే ఆడవాళ్లకు రెండూ కావాలి. పొద్దున బజారులో చీర, మధ్యాహ్నం ఇక్కడ అన్నం, జాకెట్, కాసేపు విశ్రాంతి. ఇది చెప్పే బోర్డు ఒక్కటి బస్టాండులో పెట్టమని తమ్ముడితో గట్టిగానే అన్నాను. లిఫ్టుకూ టాయిలెట్లకూ పెట్టే ఖర్చు దండగని కొందరు యజమానులు మీటింగుల్లో అంటున్నారట. నా లెక్కలో ఈ మాల్‌కు మిగిలిన ఆస్తి అవే. వాటికి తాళం పడిన రోజు మగ్గం పని చేసే ఆడవాళ్లూ వెళ్లిపోతారు.

మేం వెళ్లిన తర్వాతి ఆదివారం అసోసియేషన్ మీటింగు జరిగింది. అమెరికాలో ఉన్నాయన వీడియోకాల్‌లో కూర్చున్నాడట. రోడ్డు వైపు అద్దాలు తీసి నాలుగు దుకాణాలకు బయటికి దారి పెట్టడానికి ఒప్పుకున్నారు. నెల ఖర్చుల లెక్క నోటీసు బోర్డులో పెడతామన్నారు. ఖాళీ మడిగలన్నిటికీ ఒకే మనిషిని పెట్టి, ఒకే నంబరు రాయాలన్న మాట మాత్రం తేలలేదు, ముగ్గురు ససేమిరా అన్నారు. ఎస్కలేటర్ రిపేరుకు కొటేషన్ తెప్పిస్తున్నారు. తమ్ముడు ఇంకో పదకొండు నెలలకు అగ్రిమెంటు రాయించుకున్నాడు. సద్దుల బతుకమ్మకు మధ్య హాల్లో బతుకమ్మలు పేర్చే ఏర్పాటు చేద్దామని మగ్గం వర్క్ అమ్మాయి అడిగితే అందరూ సరేనన్నారట. జాకెట్లు తీసుకోవడానికి అప్పుడే వస్తానని అమ్మ ఆమెకు ఫోన్‌లో చెప్పేసింది.